జోన్ పెద్దదైతే మందు గట్టిదా? కల్చర్ రిపోర్టుపై కొన్ని అపోహలు

బెంగళూరులో మైక్రోబయాలజీ ల్యాబ్‌లో పనిచేస్తున్నానని తెలిసిన దగ్గర్నుంచి మారతహళ్లి వైపు ఉన్న మనవాళ్లు యూరిన్ కల్చర్ రిపోర్టు ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టి, "అన్నా, ఇందులో ఏది స్ట్రాంగు?" అని అడుగుతుంటారు.

అపోహ: ప్లేటులో పెట్టే డిస్కు (మందు అద్దిన చిన్న కాగితపు బిళ్ల) చుట్టూ బ్యాక్టీరియా పెరగని వలయం, అంటే జోన్, ఎంత పెద్దదైతే మందు అంత గట్టిది.

వాస్తవం: కాదు. ఈ.కోలై (E. coli) అనే బ్యాక్టీరియా మీద సిప్రోఫ్లాక్సాసిన్ జోన్ 20 మి.మీ. వస్తే రెసిస్టెంట్ (మందుకు లొంగదు) అని రాస్తాం, అదే ప్లేటులో నైట్రోఫ్యురాంటాయిన్ 18 వస్తే సెన్సిటివ్ (మందుకు లొంగుతుంది) అని రాస్తాం. సిప్రో డిస్కులో ఉండేది 5 మైక్రోగ్రాములు, నైట్రోలో 300, పైగా అగార్‌లో (ప్లేటులో బ్యాక్టీరియా పెరిగే జెల్లీలో) ఒక్కో మందు పాకే తీరు వేరు, ఒంట్లో చేరే మోతాదూ వేరు, అందుకే ఏ మందు అంకెను ఆ మందుకున్న సీఎల్‌ఎస్‌ఐ (ల్యాబ్ ప్రమాణాలు పెట్టే సంస్థ) పట్టికతోనే చూడాలి. ఎంఐసీ (పెరుగుదలను ఆపే అతి తక్కువ మోతాదు) అంకెలదీ ఇదే కథ: సిప్రోకి 1 వస్తే రెసిస్టెంట్, నైట్రోకి 32 వచ్చినా సెన్సిటివే. చిన్న అంకె కనిపించిందని ఆ మందు కొనేసుకోకండి, డాక్టర్‌ని అడగండి.

అపోహ: డిస్కు పెట్టి స్కేలుతో కొలవడమేగా!

వాస్తవం: కొలవడం నిజంగానే నిమిషం పని. దానికి ముందుదే అసలు తలనొప్పి. ముల్లర్ హింటన్ అనే రకం అగార్ 4 మి.మీ. మందాన ఉండాలి, పలచబడితే జోన్ ఉత్తినే పెద్దదై రెసిస్టెంట్ కాస్తా సెన్సిటివ్‌లా కనబడుతుంది. బ్యాక్టీరియా ద్రావణం 0.5 మెక్‌ఫార్లాండ్ (ద్రావణం ఎంత మసకగా ఉందో చెప్పే కొలత) కంటే చిక్కబడితే దానికి ఉల్టా, జోన్ కుంచించుకుపోతుంది. తర్వాత 35 డిగ్రీల దగ్గర 16 నుంచి 18 గంటలు. పక్కనే ఏటీసీసీ 25922 అనే కంట్రోల్ ఈ.కోలై (జోన్ ఎంత రావాలో ముందే తెలిసిన రకం) కూడా పెడతాం, దాని జోన్ హద్దు దాటితే ఎవరు ఫోన్ చేసి తొందరపెట్టినా ఆ రిపోర్టు బయటికి పోదు.

అపోహ: జోన్‌లో క్రిములన్నీ చచ్చిపోయినట్టే.

వాస్తవం: పెరగలేదు, అంతే. చచ్చాయో లేదో తేల్చాలంటే వేరే పరీక్ష ఉంది, ఎంబీసీ అంటారు, మామూలు రిపోర్టులో అది ఉండదు.

అపోహ: అన్ని మందులకూ డిస్కు చాలు.

వాస్తవం: కొలిస్టిన్‌కి చాలదు. దాని అణువు పెద్దది, అగార్‌లో సరిగా పాకదు, జోన్‌ని నమ్మలేం. బ్రాత్‌లో (బ్యాక్టీరియా పెరిగే ద్రవంలో) మందును సగం సగం చొప్పున పలచన చేస్తూ పోయి, పెరుగుదల కనబడని అతి తక్కువ మోతాదు చూస్తాం, అదే ఎంఐసీ. మిగతా మందుల ఫలితాలు వచ్చి కొలిస్టిన్ ఒక్కటే ఆలస్యమైందంటే, చాలాసార్లు కారణం ఇదే.