“వెతికాను మేడమ్, లేదు”: కోడ్‌లో వెతుకులాట – అపోహలు, వాస్తవాలు

ఆదివారం పొద్దున్న విశాఖ సిరిపురంలో ఓ పదిమంది ఇంజనీరింగ్ పిల్లలతో కూర్చుంటాను. ఓపెన్‌సోర్స్‌కి తొలి ప్యాచ్ (కోడ్‌కి చిన్న సవరణ) పంపాలని వాళ్ల ఆరాటం. వారం వారం ఎవరో ఒకరు ల్యాప్‌టాప్ నా వైపు తిప్పి అదే మాట అంటారు: “వెతికాను మేడమ్, లేదు.” మొన్న గాజువాక నుంచి వచ్చే అమ్మాయి ఇంకో అడుగు ముందుకేసింది. “లిబ్రేఆఫీస్‌లో అసలు తెలుగే లేదు మేడమ్” అంది. అప్పుడు ఆమె తెర మీద ఆ ఆఫీసు ప్రోగ్రామ్ తెలుగు మెనూలతోనే తెరిచి ఉంది.

అపోహ: గ్రెప్‌లో రాలేదంటే కోడ్‌లో లేనట్టే.

అన్నిటికంటే ఖరీదైన అపోహ ఇదే. గ్రెప్ అంటే ఫైళ్లలో మాటలు వెతికే కమాండ్. అది చెప్పేది ఇంతే: నువ్విచ్చిన అక్షరాలు, ఇదే వరుసలో, నేను తెరిచిన ఫైళ్లలో, ఒకే లైనులో కనబడలేదు. ఈ షరతులన్నీ మనం మింగేసి చివరి “లేదు” ఒక్కటే వింటాం.

ఆ అమ్మాయి సంగతే చూడండి. లిబ్రేఆఫీస్ ప్రధాన రిపాజిటరీ (కోడ్ దాచే చోటు) దించుకుంది, గిట్ గ్రెప్ కొట్టింది. గిట్ అంటే కోడ్ మార్పుల చరిత్ర దాచే పనిముట్టు, దానిలోని గ్రెప్ ఇది. అనువాదాలుండేది వేరే రిపాజిటరీలో. ప్రధాన కోడ్‌కి అది సబ్‌మాడ్యూల్‌గా తగిలించి ఉంటుంది. దాన్ని విడిగా తెచ్చుకోకపోతే ఆ ఫోల్డర్ ఖాళీ. తెచ్చుకున్నా, ‘రికర్స్ సబ్‌మాడ్యూల్స్’ అని చెప్పకపోతే గిట్ గ్రెప్ ఆ గడప తొక్కదు. సరే, తెచ్చుకుంది, చెప్పింది. ‘సాఫ్ట్‌వేర్’ అన్న మాట వెతికింది, మళ్లీ సున్నా. కళ్లల్లో నీళ్లొక్కటే తక్కువ.

ఈసారి దోషం మన లిపిది. ‘సాఫ్ట్‌వేర్’ అని సరిగ్గా రాస్తే ‘ట్’కీ ‘వే’కీ మధ్య కంటికి కనబడని ఒక అక్షరం ఉంటుంది. పొల్లును విడిగా నిలబెట్టేది అదే. అది లేకుండా టైపు చేస్తే ‘వ’ వత్తయి కిందికి దిగుతుంది. టెర్మినల్‌లో (కమాండ్లు టైపు చేసే కిటికీలో) తెలుగు ఎలాగూ ముక్కలుముక్కలుగా కనబడుతుంది కాబట్టి తేడా పట్టుకోలేం. గ్రెప్‌కి మాత్రం అవి రెండూ వేర్వేరు మాటలు. పూర్తి పదం మానేసి ‘సాఫ్ట’ అన్న ముక్కతో వెతకమన్నాను. తెర నిండిపోయింది.

మన ఊరి పేరే తీసుకోండి. రైలు టికెట్ మీద వీఎస్‌కేపీ, విమానం టికెట్ మీద వీటీజెడ్, ఆటోవాడికి వైజాగ్, మా తాతయ్యకి వాల్తేరు. ‘విశాఖపట్నం’ అని మాత్రమే వెతికేవాడికి ఇవేవీ తగలవు. ఊరైతే ఎక్కడికీ పోలేదుగా!

కోడ్‌లోనూ ఇంతే. తెర మీద ‘సేవ్ యాజ్’ కనబడిందని అదే మాట వెతుకుతారు. కానీ కీబోర్డ్ షార్ట్‌కట్ కోసం ఆ మాటల మధ్యలో, ‘యాజ్’ ముందు, జీటీకే (కిటికీలు, మెనూలు కట్టే పనిముట్టు) ఫైళ్లలో అండర్‌స్కోర్, లిబ్రేఆఫీస్ మెనూ ఫైళ్లలో టిల్డా (~) పెడతారు. దొరికాక కూడా అక్కడ ఉండేది కమాండ్ పేరే. ఆ పేరు వెతికితే ‘ఎస్ఐడీ’తో మొదలయ్యే గుర్తు, ఆ గుర్తు వెతికితే అసలు పని చేసే సీ ప్లస్ ప్లస్ ఫైలు. ఒక్క వెతుకులాటతో తేలే పని కాదిది, గొలుసు పట్టుకుని పోవాలి.

లినక్స్ కెర్నల్‌లో, అంటే ఆ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయలో, ఇంకో తమాషా. ‘సెట్‌పేజ్‌డర్టీ’ అనే ఫంక్షన్‌ని పిలిచే చోట్లు దొరుకుతాయి, నిర్వచనం మాత్రం దొరకదు. పేజ్ ఫ్లాగ్స్ హెడర్‌లో ఒక మ్యాక్రోకి (కోడ్ పోతపోసే అచ్చుకి) ‘డర్టీ’ అన్న మాట ఇస్తారు. ముందు ‘సెట్‌పేజ్’ అతికించేది కంపైల్‌కి ముందు నడిచే ప్రీప్రాసెసర్. అంటే ఆ పూర్తి పేరును నిర్వచనం దగ్గర ఏ మనిషీ టైపు చేయలేదు. ‘కాన్ఫిగ్_ఎస్ఎంపీ’ అనే సెట్టింగ్ కూడా అంతే. సెట్టింగ్‌లు నిర్వచించే కేకాన్ఫిగ్ ఫైళ్లలో ముందున్న ‘కాన్ఫిగ్_’ లేకుండా ఎస్ఎంపీ అనే ఉంటుంది.

ఇంత చిరాకుగా ఎందుకు చెబుతున్నానంటే, ఈ దెబ్బ నేనూ తిన్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో, రుషికొండ మీద ఒక ఆఫీసులో, పైథాన్ ప్రోగ్రామ్‌లో ‘డెడ్ కోడ్’ (ఎవరూ పిలవని కోడ్) ఏరే పని నాకిచ్చారు. జీతాల రిపోర్టు తయారుచేసే ఫంక్షన్ పేరు వెతికాను. నిర్వచనం తప్ప ఇంకెక్కడా లేదు. ధీమాగా తీసేశాను. నిజానికి ‘రిపోర్ట్_’ అన్న ముక్కకి సెట్టింగ్స్ ఫైల్లోని మాట కలిపి, నడిచేటప్పుడు ఆ పేరు తయారుచేసుకుని పిలుస్తున్నారు. నెలాఖరు దాకా ఎవరికీ తెలియలేదు. ఆ సాయంత్రం రిపోర్టు కుప్పకూలింది. కారణం పట్టుకునేసరికి భీమిలి నుంచి సిటీకి వచ్చే ఆఖరి బస్సు కూడా దాటిపోయింది. ఫోన్లో అమ్మ “ఎక్కడున్నావే?” అంటే, “వెతుకుతున్నానమ్మా” అన్నాను.

అప్పటినుంచి నాకో అలవాటు. సున్నా ఫలితాలొస్తే, అదే ఫోల్డర్లో తప్పకుండా ఉందని తెలిసిన ఇంకో పదం వెతుకుతాను. అదీ రాలేదంటే నా వెతుకులాటే తప్పు. వస్తే, అసలు పదాన్ని సగానికి కోసి, పెద్ద అక్షరాలూ చిన్న అక్షరాలూ ఒకటిగా చూడమని ‘మైనస్ ఐ’ పెట్టి మళ్లీ చూస్తాను. తీసేయడం గురించి ఆలోచించేది ఆ తర్వాతే.

అపోహ: రిప్‌గ్రెప్ అన్ని ఫైళ్లూ చూస్తుంది.

చూడదు. గ్రెప్ లాంటిదే ఈ పనిముట్టు, కానీ గిట్‌ఇగ్నోర్‌లో (గిట్ పట్టించుకోవద్దన్న జాబితాలో) ఉన్నవీ, చుక్కతో మొదలయ్యే దాగిన ఫైళ్లూ, బైనరీలూ (మామూలు అక్షరాలు కాని ఫైళ్లూ) అడక్కుండానే వదిలేస్తుంది. దాని వేగంలో ఇదీ ఒక భాగం. బిల్డ్‌లో పుట్టిన ఫైళ్లలో వెతకాలంటే ‘మైనస్ యూ’ పెట్టండి, ఇంకా అనుమానముంటే మూడు యూలు పెట్టండి.

అపోహ: గిట్‌హబ్‌లో పైనున్న గడిలో వెతికితే చాలు.

కోడ్ ఉంచే ఆ సైట్‌లోని కోడ్ సెర్చ్ డిఫాల్ట్ బ్రాంచ్‌నే (కోడ్ ప్రధాన శాఖనే) చూస్తుంది. మీ బగ్ పాత రిలీజ్ బ్రాంచ్‌లో ఉంటే దించుకోక తప్పదు.

అపోహ: గ్రెప్ పాతకాలపు సరుకు.

పాతదే. 1973లో కెన్ థాంప్సన్ రాశాడు. ఈడీ ఎడిటర్‌లోని ఒక ఆదేశం నుంచే దానికాపేరు వచ్చింది. కోట్ల లైన్ల కెర్నల్‌లో గిట్ గ్రెప్ మామూలు ల్యాప్‌టాప్ మీద కూడా సెకన్లలో జవాబిస్తుంది. ఇంకేం కావాలి?

అపోహ: కోడ్ మొత్తం చదివాకే ప్యాచ్ పంపాలి.

ఎవరు పుట్టించారో గానీ ఈ పుకారు విని మానేసిన పిల్లలున్నారు. కెర్నల్ మొత్తం చదివినవాళ్లు నాకింతవరకూ తగల్లేదు. భయపడకండి. ఒక ఎర్రర్ మెసేజ్ పట్టుకుని లోపలికి వెళ్లండి, చాలు.

అపోహ: ఏఐని అడిగితే వెతికే బాధే లేదు.

కోడ్ రాసే ఏఐలు చాలావరకు వెనకాల కొట్టేదీ ఈ గ్రెప్పే. అది “లేదు” అంటే, ఏ పదం, ఏ ఫోల్డర్లో వెతికావని అడగండి.

ఒక్కోసారి పదం నిజంగానే ఉండదు, ఒకప్పుడు ఉండేది. అప్పుడు ‘గిట్ లాగ్’కి ‘మైనస్ పెద్ద ఎస్’ తగిలించి ఆ పదం ఇవ్వండి. దాన్ని చేర్చిన కమిట్ (నమోదైన మార్పు), తీసేసిన కమిట్ రెండూ బయటపడతాయి. ఎందుకు తీశారో కమిట్ సందేశంలో సాధారణంగా రాసే ఉంటుంది.

ఎర్రర్ మెసేజ్ అన్నాను కదా, కెర్నల్ కోడింగ్ స్టైల్‌లో దానికో నియమం ఉంది: లైను ఎంత పొడవైనా సరే, వాడేవాళ్లకు కనిపించే సందేశాన్ని మధ్యలో విరగ్గొట్టొద్దు, విరగ్గొడితే గ్రెప్‌కి దొరకదు. ఈ సంగతి తెలియక, చూడముచ్చటగా ఉంటుందని, నా మొదటి ప్యాచ్‌లో ఒక సందేశాన్ని రెండు లైన్లుగా విరిచాను. ప్యాచ్‌లను తనిఖీ చేసే చెక్‌ప్యాచ్ స్క్రిప్ట్ వెంటనే వార్నింగ్ ఇచ్చింది. మళ్లీ కలిపి పంపాను.