ఎడమ భుజానికి ఒప్పని తుపాకి: బుల్‌పప్ వెనక పాత తకరారు

నల్లగొండ, పాలమూరు ఊళ్లలో తెల్లారకముందే గ్రౌండ్ చుట్టూ ఉరికే పోరగాళ్లలో ఎడమచేతి వాటం వాళ్లు ఒకరిద్దరైనా ఉంటారు. కానిస్టేబుల్ కొలువో, సీఆర్‌పీఎఫో దొరికితే చాలనుకునే వయసు. తుపాకి ఏ భుజానికి ఆనించాలన్న ఆలోచన అప్పటికి రాదు. ఎన్‌సీసీలో .22 రైఫిల్ పేల్చినప్పుడూ రాదు. మన ఇన్సాస్ రైఫిల్ చేతికొచ్చినా ఎలాగో నెట్టుకొస్తారు. పేలిన తూటా ఖాళీ కేస్ కుడివైపుకే ఎగిరినా, అది బయటపడే కిటికీ చెంపకు ముందువైపు, దూరంగా ఉంటుంది. అసలు చిక్కు బుల్‌పప్‌తో.

బుల్‌పప్ అంటే ట్రిగ్గర్ ముందుకు జరిగి, మ్యాగజైన్, బోల్ట్ (తూటాను లోపలికి నెట్టి, ఖాళీ కేస్‌ను వెనక్కి లాగే భాగం) దాని వెనక బట్‌లోకి, అంటే భుజానికి ఆనే భాగంలోకి వెళ్లిన రైఫిల్. లాభం పొడవులో ఉంది. ఇన్సాస్‌కూ, ఇజ్రాయెల్ టవోర్‌కూ బ్యారెల్ ఇంచుమించు 46 సెంటీమీటర్లే. మొత్తం పొడవు చూస్తే ఇన్సాస్ సుమారు 96, టవోర్ 72. జీపులో, హెలికాప్టర్‌లో, ఇరుకు గదిలో ఆ జానెడు తేడా చాలా పెద్దది. కానీ బోల్ట్ వెనక్కి రావడంతో కేస్ బయటికి దూకే కిటికీ కూడా సరిగ్గా చెంప పక్కకు చేరింది. కుడి భుజాన పెడితే కేస్ అవతలికి పోతుంది. అదే రైఫిల్‌ను ఎడమ భుజానికి మారిస్తే కాలే ఇత్తడి కేస్ చెంపకు కొడుతుంది, మందు పొగ కళ్లలోకి కొడుతుంది.

ఈ ఆలోచన పాతదే. 1901లోనే బ్రిటన్‌లో థోర్నీక్రాఫ్ట్ కార్బైన్ ఈ పద్ధతిలో తయారైంది. 1951లో అక్కడి అట్లీ ప్రభుత్వం ఈఎం-2 అనే బుల్‌పప్‌ను సైన్యానికి ఖాయం చేసింది. దానికీ ఎడమ భుజం అచ్చిరాదు. అయితే అది మూలన పడింది అందుకు కాదు. దాని .280 తూటాకు అమెరికా ఒప్పుకోలేదు. చర్చిల్ మళ్లీ గద్దెనెక్కాక ఆ నిర్ణయం తిరగబడింది, బెల్జియం ఫాల్ రైఫిల్ నుంచి పుట్టిన, బుల్‌పప్ కాని ఎస్‌ఎల్‌ఆర్ (సెల్ఫ్ లోడింగ్ రైఫిల్) బ్రిటిష్ సైన్యం చేతికొచ్చింది. ఆ ఫాల్ నమూనాతోనే మన ఇషాపూర్ ఫ్యాక్టరీ ఎస్‌ఎల్‌ఆర్ చేసింది. నల్లమలలో కూంబింగ్ జోరుగా సాగిన రోజుల్లో పోలీసుల భుజాన కనిపించినవి ఆ ఎస్‌ఎల్‌ఆర్‌లూ, ఏకే-47లే. లండన్‌లో ఓ తూటా మీద నడిచిన పంచాయితీ అచ్చంపేట అడవి దాకా ఇలా వచ్చింది.

1970ల చివర ఆస్ట్రియా ఏయూజీ, ఫ్రాన్స్ ఫామాస్ అనే బుల్‌పప్‌లు వచ్చాయి. రెండిటికీ అటూ ఇటూ కిటికీలు ఉంటాయి, ఒకటి మూసి ఉంటుంది. ఏయూజీకి ఎడమచేతి బోల్ట్ వేసి మూత మార్చాలి. ఫామాస్‌లో ఎక్స్‌ట్రాక్టర్‌ను, అంటే కేస్‌ను పట్టి లాగే కొక్కేన్ని, రెండో వైపు పెట్టి, చెంప ఆనించే దిమ్మను తిప్పాలి. 1985లో వచ్చిన బ్రిటిష్ ఎస్‌ఏ80కి ఆ వెసులుబాటు కూడా లేదు. దాని కాకింగ్ హ్యాండిల్ (బోల్ట్‌ను చేత్తో వెనక్కి లాగే పిడి) కుడివైపున బోల్ట్‌తోపాటే ముందుకూ వెనక్కూ కొట్టుకుంటుంది. ఎడమ భుజాన పెట్టి పేల్చినవాడి దవడ పగిలినట్టే. అందుకే అక్కడ ఎడమచేతి వాటం సిపాయికీ కుడి భుజమే నేర్పుతారు.

భాగాలు మార్చుకునే ఈ ఉపాయం ఎడమచేతి వాటం వాడికి సరిపోతుంది, గోడ మూలకు సరిపోదు. నిలువెత్తు రాతి గోడ చాటున ఉన్నవాడు ఎడమ అంచు నుంచి తొంగి చూడాలి. రైఫిల్ కుడి భుజాన ఉంటే సగం ఒళ్లు బయటపెట్టాల్సిందే. ఎడమ భుజానికి మార్చుకుంటే కన్నూ, గొట్టం కొసా బయటికి వస్తే చాలు. ఆ క్షణంలో బోల్ట్ విప్పి మార్చే తీరిక ఎవడికి? దాపటి ఎద్దును వలపటికి మార్చాలంటే కాడి దించాలి, సాలు నడుమ కుదరదు.

అందుకని బెల్జియం ఎఫ్‌ఎన్ కంపెనీ దారి మార్చింది. పీ90లో కేస్ కిందికి రాలుతుంది. 2001 నాటి ఎఫ్2000లో ఓ గొట్టం గుండా ముందుకు నడిచి, మూతి దగ్గర పడుతుంది. ఏ భుజమైనా సరే, చెంపకు భయం లేదు. నా లెక్కన అసలు పరిష్కారం ఇదే. కాకపోతే ఎఫ్2000 లోపలి సరంజామా ఎక్కువ, కేస్ ఇరుక్కుంటే మామూలు రైఫిల్‌లోలా చటుక్కున కంటికి ఆనదు.

మన దేశంలో టవోర్ సైన్యం పారా స్పెషల్ ఫోర్సెస్, నేవీ మార్కోస్, వాయుసేన గరుడ్ కమాండో దళాలకు వచ్చింది. దాని పొట్టి తమ్ముడు ఎక్స్95 సీఆర్‌పీఎఫ్‌లో అడవి పోరుకు పెట్టిన కోబ్రా దళం జవాన్ల దగ్గర ఉంది. మధ్యప్రదేశ్ మాలన్‌పూర్‌లో 2017 నుంచి వీటి తయారీ ఫ్యాక్టరీ కూడా ఉంది. ఇవి రెండూ ఏయూజీ దారివే: ఎడమకు మార్చాలంటే బోల్ట్ మారాలి. మరోవైపు పెద్ద సైన్యాలు బుల్‌పప్‌నే వదిలేస్తున్నాయి. ఫ్రాన్స్ ఫామాస్ స్థానంలో హెచ్‌కే416 తెచ్చుకుంది, చైనా కూడా మామూలు తీరు రైఫిల్‌కు మళ్లింది. మన సైన్యానికి కొన్న సిగ్ 716, అమేఠీలో తయారయ్యే ఏకే-203 కూడా బుల్‌పప్‌లు కావు.

కాబట్టి అన్నెపర్తి, బీచుపల్లి పోలీసు బెటాలియన్ల దాకా వెళ్లే మన పిల్లల్లో ఎక్కువమందికి ఈ బాధ తగలకపోవచ్చు. కోబ్రాకు ఎంపికైన ఎడమచేతి వాటం వాడు మాత్రం ఫైరింగ్ రేంజ్‌లోకి దిగేముందు ఆయుధాలు చూసుకునే ఆర్మరర్‌ను అడిగి, తన రైఫిల్‌లో ఏ వైపు బోల్ట్ ఉందో, ఏ కిటికీ మూసి ఉందో కళ్లారా చూసుకోవాలి. కుడివైపు బోల్ట్ అయితే కుడి భుజమే. కళ్లద్దాలు, చెవి రక్షణ తప్పనిసరి, ఎందుకంటే చప్పుడు పుట్టే చోటు చెవికి దగ్గర. భుజం మార్చే సాధన చేయిస్తే ట్రిగ్గర్ మీది వేలు తీసి, సేఫ్టీ వేసి, గొట్టం టార్గెట్ వైపే ఉంచి మార్చాలి. రైఫిల్ పొట్టిది కదా, ముందు చేయి మూతి దాటి పోకుండా చూసుకోవడం కూడా అందులో భాగమే.