కంసాలుల పునీతుడు ఎలీజియస్: అపోహలు - వాస్తవాలు

యూరప్‌లో బంగారం పనివాళ్ళకు ఒక పునీతుడు (సెయింట్) ఉన్నాడు. లాటిన్‌లో ఎలీజియస్, ఫ్రెంచ్ వాళ్ళకు ఎల్వా. క్రీ.శ. 588 ప్రాంతంలో లిమోజ్ దగ్గర షాప్తెలా అనే ఊళ్ళో పుట్టాడు. కొలిమి దగ్గర మొదలుపెట్టి, రాజుల నాణేల పని చూసి, ఉత్తర ఫ్రాన్స్‌లోని నువాయోన్‌కు బిషప్ అయి, 660 డిసెంబర్ 1న పోయాడు. నాదీ కంసాలి పనే కాబట్టి ఆయన గురించి ఎక్కడ కనిపించినా చదువుతాను. జనంలో తిరిగే కథలు చాలావరకు గుర్రం చుట్టూ, దయ్యం చుట్టూ ఉంటాయి. పనివాడు వాటి వెనక ఎక్కడో నలిగిపోయాడు.

అపోహ: మనకు విశ్వకర్మ ఎలాగో వాళ్ళకు ఈయన అలాగ. నిజంగా ఉన్న మనిషి కాదు.

వాస్తవం: ఉన్నాడనడానికి సాక్ష్యం బంగారం మీదే ఉంది. ఆ కాలపు ఫ్రాంకుల రాజ్యంలో (నేటి ఫ్రాన్స్ ప్రాంతం) నాణెం మీద దాన్ని తయారు చేయించిన అధికారి పేరు వేసేవారు. డాగోబెర్ రాజు, ఆయన కొడుకు రెండో క్లోవిస్ కాలంలో పారిస్, మార్సెయ్ లాంటి చోట్ల వచ్చిన చిన్న బంగారు నాణేల మీద ఎలీజియస్ పేరుంది. ఒక్కోటి సుమారు 1.3 గ్రాములు. సరుకు నాణ్యతకు ఫలానా మనిషి పూచీ అన్నమాట. పని నేర్పింది లిమోజ్ టంకశాల నడిపిన స్వర్ణకారుడు అబ్బో. (అవును, పేరే అది.)

ఆయన జీవితచరిత్ర రాసింది స్నేహితుడు ఔడోయెన్. ఇద్దరూ ఒకే కొలువులో పనిచేశారు, 641లో ఒకేసారి బిషప్పులయ్యారు. అయితే మన చేతికొచ్చిన రాతప్రతి 8వ శతాబ్దంలో ఎవరో సవరించినది. అందుకే అందులో ఉన్నదంతా కళ్ళకద్దుకోనక్కర్లేదు, అలాగని పక్కన పడేయనూ కూడదు.

అపోహ: ఒక కుర్చీకిచ్చిన బంగారంతో రెండు కుర్చీలు చేశాడు. అది మహిమ.

వాస్తవం: ఆ చరిత్రలో దీన్ని మహిమగా చెప్పలేదు, నిజాయితీగా చెప్పారు. డాగోబెర్ తండ్రి రెండో క్లోటార్ రాజు బంగారం, రత్నాలతో ఆసనం కావాలన్నాడు. అంతఃపురంలో ఎవరికీ చేతకాలేదు. ఖజానా చూసే బొబ్బో ఈ కుర్రాణ్ణి చూపించాడు. బంగారం తూచి ఇచ్చారు. కొన్నాళ్ళకు ఆసనం తెచ్చాడు, రాజు మెచ్చుకుని కూలి ఇమ్మన్నాడు. అప్పుడు రెండోది బయటపెట్టి, మిగిలిన బంగారం పారేయలేక ఇది కూడా చేశానన్నాడు.

ఇక్కడ చరిత్రకారుడు ఒక మాట కలుపుతాడు. మిగతావాళ్ళలా ఆకురాయి కొరికేసిందనీ, నిప్పు తినేసిందనీ ఈయన సాకులు చెప్పలేదట. 1,300 ఏళ్ళ కిందటి మాట ఇది. మా భాషలో చెప్పాలంటే తరుగు గొడవ! కంసాలి కన్నతల్లి నగలోనూ చిటికెడు మిగుల్చుకుంటాడని మా మీద ఎప్పట్నుంచో ఉన్న నిందే అక్కడి పనివాళ్ళ మీదా ఉండేదన్నమాట.

తరుగు అబద్ధం కాదు. ఆకురాయి పొడి రాలుతుంది, మెరుగు పెట్టేటప్పుడు పోతుంది. అందుకే కొట్టు ఊడ్చిన దుమ్ము కూడా మేం పారేయం, కడిగి బంగారం తీసేవాళ్ళకు అమ్ముతాం. కానీ సగానికి సగం ఎవరికీ తరుగు పోదు. మరి రెండో ఆసనం ఎలా వచ్చింది? నా అంచనా చెప్తాను. చెక్క చట్రం మీద బంగారు రేకు తొడిగి ఉంటాడు. అలాంటి పనిలో బరువంతా రేకు మందంలోనే ఉంటుంది. బాగా సాగగొడితే ఒక్క గ్రాము బంగారం అర చదరపు మీటరు దాకా పరుచుకుంటుంది. కుర్చీకి అంత పల్చన పనికిరాదనుకోండి, అయినా సుత్తి మీద పట్టున్నవాడికి సగం మిగల్చడం అసాధ్యం కాదు. కొలువులో బంగారం లెక్క కట్టినవాళ్ళు తరుగు ధారాళంగా కలిపే ఇచ్చి ఉంటారని కూడా నా అనుమానం.

పారిస్ జాతీయ గ్రంథాలయంలో ఉన్న డాగోబెర్ సింహాసనం ఈ రెంటిలో ఒకటని కొందరు చెప్తారు. అది కంచుది. ఇక మాట్లాడేదేముంది.

అపోహ: గుర్రం కాలు నరికి, లాడం కొట్టి, మళ్ళీ అతికించాడు.

వాస్తవం: పాత చరిత్రలో ఇది లేదు. తర్వాతెప్పుడో లాడాలు కొట్టేవాళ్ళూ ఈయన్ని తమవాడిగా చేసుకున్నాక పాకిన కథ. ఫ్లోరెన్స్‌లో ఆ సంఘం 15వ శతాబ్దం మొదట్లో నాన్ని ది బాంకో చేత చెక్కించుకున్న విగ్రహం కింద ఈ కథ బొమ్మగా ఉంది. ఆడవేషంలో వచ్చిన దయ్యం ముక్కు పటకారుతో పట్టుకున్న కథ ఇంగ్లండ్‌లో డన్‌స్టన్ అనే ఇంకో లోహపు పనివాడి పేరుతోనూ నడుస్తోంది. ఎవరిది ఎవరు అరువు తెచ్చుకున్నారో వాళ్ళే తేల్చుకోవాలి.

అపోహ: పుణ్యపురుషుడు కదా, మొదట్నుంచీ నార బట్టల్లో బతికాడు.

వాస్తవం: కొలువులో ఉన్నప్పుడు పట్టు బట్టలు, రత్నాలు పొదిగిన నడికట్టు వేసుకునేవాడు. తర్వాత అవన్నీ ఒక్కొక్కటే పోయాయి. ఓడ దిగే బానిసల్ని 20 మందిని, 30 మందిని, ఒక్కోసారి 100 మందిని కొని విడిపించాడని ఔడోయెన్ రాశాడు. డబ్బు చాలకపోతే ఒంటి మీదున్నవి తీసి ఇచ్చేవాడు. నడికట్టు స్థానంలో తాడు కట్టుకుని తిరిగితే రాజు తనది తీసి ఇచ్చేవాడట. అలా కొని విడిపించిన సాక్సన్ తెగ కుర్రాడు టిలో ఆయన పక్కన కూర్చునే పని నేర్చాడు. తర్వాత అతనూ పునీతుడయ్యాడు. పని చేస్తూనే చదువుకోవడానికి ఎలీజియస్ ఎదురుగా పుస్తకం తెరిచి పెట్టుకునేవాడని కూడా ఉంది. ఊదుగొట్టం నోట్లో పెట్టుకుని చదవడం నావల్ల కాదు.

అపోహ: ఆయన చేసిన నగలు యూరప్ మ్యూజియాల నిండా ఉన్నాయి.

వాస్తవం: దాదాపు ఏమీ మిగల్లేదు. షెల్ మఠంలో ఆయన పేరున ఉన్న బంగారు పాత్ర ఫ్రెంచి విప్లవంలో పోయింది, దాని బొమ్మ గీసి ఉంచడం వల్ల రూపం తెలుసు. సాన్-దెని చర్చిలోని పెద్ద సిలువదీ అదే గతి, ఒక చిన్న ముక్క మాత్రం పారిస్‌లో ఉంది. సన్నటి బంగారు పట్టీలను నిలబెట్టి గడులు కట్టి, ఒక్కో గడిలో కోసిన రాయో గాజో బిగించే పని. ఆ కాలంలో గార్నెట్ అనే ఎర్ర రాళ్ళ కింద గళ్ళ గళ్ళ బంగారు రేకు వేసేవారు, మన కుందనం పనిలో రాయి కింద రేకు వేసినట్టే.

ఆ గార్నెట్‌లు ఎక్కడివో పరీక్షిస్తే 5, 6 శతాబ్దాల ఫ్రాంకుల నగల్లో చాలావాటికి భారతదేశం, శ్రీలంక రాళ్ళు వాడారని తేలింది. అదే రోజుల్లో చెక్కిన ఒక బైజాంటైన్ (తూర్పు రోమన్ సామ్రాజ్యపు) గార్నెట్ మన కొత్తగూడెం వైపున్న గరీబ్‌పేట గుట్టదని శాస్త్రవేత్తలు గుర్తించారు. ఎలీజియస్ కాలానికి తూర్పు సరుకు తగ్గిపోయి బొహీమియా (నేటి చెక్ దేశం) చిన్న రాళ్ళు వచ్చాయి.

న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో పెట్రుస్ క్రిస్టుస్ 1449లో వేసిన స్వర్ణకారుడి బొమ్మను చాలాకాలం ఎలీజియస్ అనే అన్నారు. తల చుట్టూ ఉన్న కాంతివలయం తర్వాత ఎవరో దిద్దిందని తేలి 1993లో తీసేశారు. ఇప్పుడక్కడ ఉన్నది తక్కెడ పట్టుకుని ఉంగరం తూస్తున్న మామూలు కొట్టు యజమాని. నాకైతే అదే నచ్చింది.

అపోహ: ఇప్పుడు ఆయన్ని పూజించేవాళ్ళు లేరు.

వాస్తవం: ఉన్నారు. ఆయన పోయినప్పుడే శవం కోసం గొడవ మొదలైంది. ఒకప్పుడు తానే బానిసగా ఉన్న రాణి బాల్తిల్డ్ శవాన్ని షెల్‌కు తీసుకెళ్తానంది. ఎంత ప్రయత్నించినా పెట్టె లేవలేదని చరిత్ర చెప్తుంది. చివరికి నువాయోన్‌లోనే సమాధి చేశారు, రాణి తన నగలిచ్చి దాని మీద బంగారు అలంకారం చేయించింది. తపస్సుకాలంలో (ఈస్టర్‌కు ముందు ఉపవాస దినాల్లో) ఆ మెరుపు కనిపించకుండా గుడ్డ కప్పేవారట. నేటికీ డిసెంబర్ 1న ఫ్రాన్స్‌లో లోహపు పనివాళ్ళు, మెకానిక్‌లు ఆయన పేరున విందు చేసుకుంటారు. ప్రొవాన్స్‌లో వేసవిలో గుర్రాల బళ్ళు అలంకరించి ఊరేగిస్తారు. బ్రిటిష్ సైన్యంలో ట్యాంకులు, ట్రక్కులు రిపేరు చేసే ఇంజినీర్ల దళానికి కూడా ఈయనే పునీతుడు.