రబ్బరులో బూడిద: అపోహలు, వాస్తవాలు

బొగ్గు మండించే విద్యుత్ కేంద్రాల్లో పొగ నుంచి వేరుచేసి పట్టే ఫ్లై యాష్‌ను రబ్బరులో కలపడం గురించి రెండు రకాల మాటలు వింటుంటాను. చౌకగా దొరికే కార్బన్ బ్లాక్ (రబ్బరును బలపరిచే నల్లటి కార్బన్ పొడి) అని కొందరు సంబరపడతారు. చెత్త కలిపితే సరుకు పాడవుతుందని మరికొందరు కొట్టిపారేస్తారు. రబ్బరు కాంపౌండ్లు, అంటే రబ్బరులో పొడులు, రసాయనాలు కలిపిన మిశ్రమాలు రూపొందించే నాకు రెండు మాటలూ బాధ కలిగిస్తాయి. మొదటిది నమ్మినవారు సరుకు చెడగొట్టుకుంటారు, రెండోది నమ్మినవారు పనికొచ్చే పదార్థాన్ని గుంటల పాలు చేస్తారు.

అపోహ: బూడిద కలిపితే కార్బన్ బ్లాక్‌తో వచ్చినంత బలం వస్తుంది.

రాదు. ఫిల్లర్ (రబ్బరులో నింపే పొడి) వల్ల రబ్బరు బలపడాలంటే రబ్బరు అణువులు పట్టుకోవడానికి ఆ పొడికి తగినంత ఉపరితలం ఉండాలి. టైర్లలో వాడే ఎన్330 రకం కార్బన్ బ్లాక్‌లో మూల కణం సుమారు 30 నానోమీటర్లు, ఉపరితలం గ్రాముకు 75 చదరపు మీటర్లకు కాస్త అటూ ఇటూ. ఫ్లై యాష్ రేణువులు చాలావరకు 1 నుంచి 100 మైక్రాన్ల (ఒక మైక్రాన్ అంటే 1000 నానోమీటర్లు) మధ్య ఉంటాయి. 10 మైక్రాన్ల గాజు గుండును లెక్కకట్టి చూడండి, గ్రాముకు చదరపు మీటరులో మూడో వంతు కూడా తేలదు. దాన్ని 1 మైక్రాన్‌కు నూరినా 3 చదరపు మీటర్లు దాటదు. నూరడానికి అయ్యే కరెంటు ఖర్చు మాత్రం దాటిపోతుంది.

దానికంటే జల్లెడ పట్టడం మేలు. 45 మైక్రాన్లకు పైబడిన ముతక రేణువు ఉన్నచోటే సాగదీసినప్పుడు చిరుగు మొదలవుతుంది. వాటిని తీసేస్తే చాలా తేడా కనిపిస్తుంది.

ఏ రబ్బరులో కలిపారన్నదీ ముఖ్యమే. సహజ రబ్బరు సాగినప్పుడు దానిలో స్ఫటికాలు ఏర్పడతాయి కాబట్టి దానికి స్వతహాగానే బలం ఉంది. అందులో బూడిద పెంచేకొద్దీ తెగే బలం తగ్గుతుంది. ఎస్‌బీఆర్ అనే కృత్రిమ రబ్బరుకు ఆ గుణం లేదు. ఫిల్లర్ లేకపోతే అది చాలా బలహీనం కనుక సన్నని బూడిద కూడా దానికి కొంత మేలు చేయగలదు. ఒకదానిలో వచ్చిన ఫలితాన్ని రెండోదానికి అంటగట్టకూడదు.

మరి బూడిదకు సొంత గుణమేదీ లేదా అంటే, ఉంది. రేణువులు గోళీల్లా గుండ్రంగా ఉండటం వల్ల కాంపౌండ్ అంతగా చిక్కబడదు, అచ్చులోకి సులభంగా పారుతుంది. డై (రబ్బరును ఆకారంలోకి నెట్టే రంధ్రం) నుంచి బయటికి వచ్చాక ఉబ్బడమూ తగ్గుతుంది. కార్బన్ బ్లాక్ స్థానంలో కాకుండా బంకమన్ను, కాల్షియం కార్బొనేట్ వాడే చోట దీన్ని ప్రయత్నించండి. నేలపై పరిచే మ్యాట్లు, భారం తక్కువగా పడే ప్యాడ్లు వంటివి దీనికి సరైన చోటు.

అపోహ: సగం రబ్బరు తీసి అంతే బరువు బూడిద వేస్తే ఖర్చు సగమవుతుంది.

ముడిసరుకును కిలోల్లో కొంటాం, అచ్చును మాత్రం లీటర్లలో నింపుతాం. 50 కిలోల సహజ రబ్బరు సుమారు 54 లీటర్లు. సాంద్రత 2.2 ఉన్న బూడిద 50 కిలోలు వేస్తే 23 లీటర్లే. అదే బరువుకు అచ్చులు తక్కువ నిండుతాయి, ప్రతి ముక్కా బరువెక్కుతుంది. 2.7 సాంద్రత ఉన్న కాల్షియం కార్బొనేట్‌తో పోలిస్తే మాత్రం బూడిదదే పైచేయి, ఎందుకంటే ఆ 50 కిలోలు 18.5 లీటర్లే. గాజులాంటి ఈ గట్టి రేణువులు మిక్సర్‌ను, స్క్రూలను అరగదీస్తాయి. ఆ ఖర్చునూ లెక్కలో వేసుకోండి.

అపోహ: బూడిద అంటే బూడిదే, ఎక్కడిదైనా ఒకటే.

నా దృష్టిలో అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే నమ్మకం ఇదే. మారిన బొగ్గును బట్టి, కొలిమి వేడిని బట్టి, చివరికి సేకరించిన తొట్టెను బట్టి కూడా బూడిద మారిపోతుంది. కాల్షియం ఎక్కువైతే క్షారగుణం పెరిగి గంధకంతో రబ్బరును గట్టిపరిచే వల్కనైజేషన్ వేగం పుంజుకుంటుంది, కాంపౌండ్ అచ్చు నిండకముందే గట్టిపడే ప్రమాదం ఉంది. కాలకుండా మిగిలిన బొగ్గు యాక్సిలరేటర్‌ను (వల్కనైజేషన్‌ను వేగపరిచే రసాయనాన్ని) పీల్చేసుకుంటే దీనికి విరుద్ధంగా ఆలస్యమవుతుంది. ఆ బొగ్గు నల్లగా ఉన్నంత మాత్రాన కార్బన్ బ్లాక్ కాదు. చెరువుల్లో నిల్వచేసిన బూడిదలో తేమ ఉంటుంది. ఒత్తిడి లేకుండా ఉడికించే సరుకులో అది బుడగలుగా పొంగుతుంది. రాగి, మాంగనీసు వంటివి కొద్దిపాటి మోతాదులోనే సహజ రబ్బరును త్వరగా ముసలిదాన్ని చేస్తాయి. అందుకే ప్రతి లోడుకూ తేమ, కాల్చినప్పుడు తగ్గే బరువు, జల్లెడపై మిగిలే భాగం, పీహెచ్ చూడాలి. ఆపైన రియోమీటర్ గీత (రబ్బరు ఎంత వేగంగా గట్టిపడుతుందో చూపేది), వేడిలో ఉంచిన తర్వాత మిగిలే బలం చూడకుండా ఉత్పత్తికి వెళ్లకూడదు.

వరి ఊక బూడిద పూర్తిగా వేరే పదార్థం. ఊకలో సుమారు ఐదో వంతు బూడిదగా మిగులుతుంది, అందులో చాలా భాగం సిలికాయే. సుమారు 700 డిగ్రీల సెల్సియస్ లోపు, అదుపులో ఉన్న మంటలో కాలిస్తే అది స్ఫటికరహితంగా ఉంటుంది. వేడి మితిమీరితే స్ఫటికమవుతుంది. స్ఫటిక సిలికా ధూళి ఊపిరితిత్తులకు హానికరం, క్యాన్సర్ కారకం కూడా.

అపోహ: సిలేన్ అనే జోడింపు రసాయనం కలిపితే సమస్యలన్నీ తీరిపోతాయి.

సిలేన్ ఒకవైపు సిలికా ఉపరితలాన్ని, మరోవైపు రబ్బరును పట్టుకుంటుంది. కాబట్టి పట్టు మెరుగవుతుంది. లేని ఉపరితలాన్ని అది సృష్టించలేదు. ధర చూసుకుని వాడండి.

అపోహ: రబ్బరులో కలిసిపోయాక ఇక ఏ హానీ ఉండదు.

బూడిదలో ఆర్సెనిక్, సీసం, క్రోమియం వంటివి ఉండవచ్చు. రబ్బరు పొర వాటిని చాలావరకు పట్టి ఉంచుతుంది గానీ, మ్యాట్ అరిగేకొద్దీ ఆ పొర పోయి రేణువులు బయటపడతాయి. నీటిలో నానబెట్టి ఏమేం కరిగి వస్తున్నాయో పరీక్షించిన తర్వాతే వాడాలి. ఆహారాన్ని తాకే వస్తువుల్లో, పసిపిల్లల బొమ్మల్లో, తాగునీటి సీళ్లలో నేనైతే అసలే వాడను. చెత్త కాల్చే కొలిముల బూడిద విషయంలో ఇంకా గట్టిగా చెబుతాను, దానిలో క్లోరైడ్లు, భార లోహాలు ఎక్కువ కనుక ఫ్లై యాష్ సూత్రాలు దానికి వర్తించవు. ఇక అన్నిటికంటే ముందు ప్రమాదం అంచున ఉండేది మిక్సర్ దగ్గర సంచులు విప్పే కార్మికుడు. సంచి విప్పే చోట ధూళిని లాగే ఏర్పాటు, సరైన మాస్కు లేకుండా ఆ పని మొదలుపెట్టకండి.