వెదురు తవ్వి నాటడం: కొన్ని అపోహలు, వాస్తవాలు

అపోహ: పొదలో అన్నిటికంటే లావైన గడ తవ్వి నాటితే త్వరగా పెరుగుతుంది.

బెంగళూరులో మనవాళ్ల ఇళ్లకు వెళితే తరచూ వినే మాట, "అన్నా, ఆ పెద్దది తీసిపెట్టు." ఆ పెద్దదే పనికిరానిది. వెదురు గడ్డిజాతి మొక్క. నేలలోంచి వచ్చేటప్పుడు గడ ఎంత లావుంటుందో ఎప్పటికీ అంతే. రెండు మూడు నెలల్లో పూర్తి ఎత్తుకు చేరి ఆగిపోతుంది. కొత్త గడలు పుట్టేది మట్టిలోని దుంప మీది మొగ్గల నుంచి. ముదురు గడ దుంపకు అలాంటి మొగ్గలు పెద్దగా మిగలవు. నాటాక కొన్నాళ్లు పచ్చగా కనిపించి, తర్వాత ఎండిపోతుంది.

పొద అంచున ఉన్న, నిరుడు వచ్చిన గడను చూసుకోండి. దాని మీద తెల్లటి పొడి, కణుపుల దగ్గర ఎండు పొరలు ఇంకా కనిపిస్తాయి. ముందు గడ అడుగు నుంచి మూడు నుంచి ఐదు కణుపులు ఉంచి పైభాగం రంపంతో కోసేయండి, లేకపోతే ఆకులు తాగే నీళ్లకు తెగిన వేళ్లు చాలవు. చుట్టూ మట్టి తీస్తే తల్లిదుంపను అంటుకున్న సన్నని మెడ బయటపడుతుంది. కోత అక్కడే. గడ పట్టుకుని ఊపి లాగడం మాత్రం వద్దు, మొగ్గలు చితికిపోతాయి. తీసిన దుంపను తడి గోనెపట్టాలో చుట్టి, అదే రోజు నాటేయాలి.

అపోహ: వానలు జోరందుకున్నాకే తవ్వాలి.

అప్పటికి కొమ్ములు, అంటే దుంప నుంచి వచ్చే కొత్త మొలకలు, లేస్తుంటాయి. దుంపలో దాచుకున్న ఆహారమంతా వాటికే పోతుంది, పైగా తాకితే విరుగుతాయి. ఇక్కడ మే నెల జల్లులకు నేల మెత్తబడుతుంది. మే చివర, జూన్ మొదట్లో, కొమ్ము పైకి రాకముందే పని ముగించాలి.

అపోహ: వెదురు వేళ్లు పక్కింటి పునాదిలోకి పాకుతాయి.

అలా పాకేవి చైనా, జపాన్ వైపు రకాలు. మన దగ్గర ఎక్కువగా పెంచే ముళ్ల వెదురు, పసుపు వెదురు ఉన్నచోటే గుబురు కడతాయి. అనుమానముంటే కబ్బన్ పార్కులోని పొదలు చూసి రండి. అయినా గుబురు ఏటా వెడల్పవుతుంది కాబట్టి కాంపౌండ్ గోడకు ఆనించి నాటమంటే నేను ఒప్పుకోను.

పూత పట్టిన పొద నుంచి పిలక తీయకండి. ముళ్ల వెదురు దాదాపు 40-50 ఏళ్లకోసారి పూసి చచ్చిపోతుంది, పిలక వయసూ తల్లిదే కాబట్టి అదీ వెంటే పోతుంది. ఇక బల్ల మీది లక్కీ బాంబూ అసలు వెదురే కాదు, డ్రసీనా అనే వేరే మొక్క.

అపోహ: ఆకులు రాలితే మొక్క పోయినట్టే.

రాలతాయి, కంగారు పడకండి. కణుపు దగ్గర గోటితో గీరి చూడండి, పచ్చగా ఉంటే బతికే ఉంది. తేమ ఆరనివ్వకండి, పాదులో నీళ్లు నిలవనివ్వకండి. మొదట వచ్చే కొమ్ములు పెన్సిలంత సన్నగానే ఉంటాయి. వాటిని అందంగా లేవని కోసేస్తుంటారు. కోయకండి, దుంపకు తిండి పెట్టేది వాటి ఆకులే.