స్పాయిలర్ ఊడిపోతుందని డిక్కీకి డ్రిల్ కొట్టకండి: కొన్ని అపోహలు, వాస్తవాలు

వానాకాలం మొదలైందంటే మా షాపుకి రెండు రకాల స్పాయిలర్ (కారు వెనక అంచున పెట్టే పట్టీ లేదా రెక్క) కేసులు వస్తాయి. ఒక కొస లేచిపోయినవి మొదటి రకం. వాటితో పేచీ లేదు, ఆ పూటే సర్దేస్తాం. రెండో రకం, డిక్కీలో నీళ్లు. వీళ్లకు తమ బాధకి స్పాయిలర్ కారణమన్న సంగతే తెలీదు. "కారులో ఏదో ముక్క వాసన వస్తుందన్నా" అంటూ వస్తారు. కూకట్‌పల్లి వైపు కార్ యాక్సెసరీస్ బిగించడం, డీటెయిలింగ్ చేయడం మా పని. ఇంట్లోనే స్పాయిలర్ పెట్టుకుంటామనే వాళ్లను నేనెప్పుడూ వద్దనను. లిప్ స్పాయిలర్, అంటే డిక్కీ అంచుకి ఆనుకుని ఉండే సన్న పట్టీ లాంటిది, ఓపికున్న ఎవరైనా పెట్టుకోవచ్చు. రెండు వైపులా అంటుకునే టేప్‌తో అతికించండి చాలు అంటే ఎదురొచ్చే ఒక్క మాటతోనే నా గొడవంతా.

అపోహ: "టేప్ ఏమాగుతదన్నా, బోల్ట్ వేస్తేనే గట్టి."

అపార్ట్‌మెంట్ సెల్లార్లో పక్క ఫ్లాట్ అంకుల్ దగ్గర్నుంచి యూట్యూబ్ కుర్రాళ్ల దాకా అందరిదీ ఇదే పాట. చేతిలో డ్రిల్ మెషిన్ ఉంటే చాలు, ధైర్యం దానంతటదే వస్తుంది.

వాస్తవం ఏమిటంటే, మీ డిక్కీ మూత పైరేకు మందం ఇంచుమించు 0.7 మిల్లీమీటర్లు. బోల్టు ఎంత గట్టిదైతే ఏం లాభం, అది పట్టుకుని ఉండేది ఆ పల్చటి రేకునే కదా. స్పాయిలర్ మీద పడే ఊపంతా రెండు మూడు చోట్లకే చేరుతుంది. డిక్కీ దబ్బున వేసిన ప్రతిసారీ అక్కడ రేకు కొంచెం వంగి లేస్తుంది, చుట్టూ పెయింట్ సన్నగా చిట్లుతుంది. టేప్ అయితే ఆ బరువును పొడవునా పంచుతుంది. నేటి కార్లకు సైడ్ మోల్డింగులు, ఎంబ్లెమ్‌లు కంపెనీ నుంచే టేప్‌తో వస్తున్నాయి. వాటిని ఎవరూ అనుమానించరు, స్పాయిలర్ దగ్గరికొచ్చేసరికే అనుమానం.

ఇక తుప్పు. కంపెనీ రేకు మీద జింక్ పూత, దాని మీద తుప్పు పట్టకుండా ముంచి తీసిన కోటింగు, ప్రైమర్, రంగు, పైన క్లియర్ కోటు ఉంటాయి. డ్రిల్ బిట్ వీటన్నిటినీ ఒక్క దెబ్బలో చీల్చి పచ్చి ఇనుము బయటపెడుతుంది. పైగా రాలిన ఇనుప రజను పైరేకుకీ లోపలి ఫ్రేముకీ మధ్య పడిపోతుంది. దాన్ని ఎవరూ తీయరు, అసలు కనపడదు కాబట్టి. తడి తగలగానే ముందు ఆ రజను తుప్పు పడుతుంది, తర్వాత దాని కింది రేకు.

నీళ్ల దారి చూడండి. వెనక అద్దం మీద పడ్డ వానంతా డిక్కీ మూత మీదకే జారుతుంది. స్పాయిలర్ మొదలు దగ్గర అడ్డు తగిలి నిలుస్తుంది. సరిగ్గా అక్కడే మీరు పెట్టిన బెజ్జం. నీళ్లు సందులోంచి లోపలికి లాక్కుపోయి, ఫ్రేము వెంట దిగి, కార్పెట్ కిందికి, అక్కణ్నుంచి స్టెప్నీ గుంతలోకి చేరతాయి. టైర్ పంక్చర్ అయ్యేదాకా ఆ గుంత ఎవరు చూస్తారు?

నిజాంపేట నుంచి ఒక సాఫ్ట్‌వేర్ అబ్బాయి వచ్చాడు. ఏసీ వాసన అని ఇంకెక్కడో క్యాబిన్ ఫిల్టర్ మార్పించాడు, కాయిల్ కడిగించాడు, పర్‌ఫ్యూమ్ డబ్బా వేలాడదీశాడు. వాసన పోలేదు. వాళ్లావిడ పాపను కారెక్కించడమే మానేసింది, దగ్గొస్తోందని. డిక్కీ కార్పెట్ ఎత్తి చూస్తే స్టెప్నీ రిమ్ సగం నీళ్లలో ఉంది. జాకీ ఎర్రగా తుప్పు. పైన చూస్తే స్పాయిలర్ చుట్టూ తెల్లటి సిలికాన్ పూసి ఉంది. "లీక్ కాకుండా నేనే పెట్టిన భయ్యా" అన్నాడు, పాపం, జాగ్రత్త పడ్డాననే అనుకున్నాడు. బిగించిన రోజు వెనిగర్ వాసన వచ్చిందా అని అడిగితే వచ్చిందన్నాడు. వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ ఆరేటప్పుడు ఎసిటిక్ ఆమ్లం వదులుతుంది. బాత్రూం టైల్స్‌కి అది బాగానే ఉంటుంది. పచ్చి ఇనుము మీద పెడితే తుప్పుకి మనమే స్వాగతం చెప్పినట్టు. అంతటితో అయిపోదు. సిలికాన్ అంటిన చోట తర్వాత పెయింట్ కొడితే రంగు నిలవదు, గుంటలు గుంటలుగా విచ్చుకుంటుంది. పెయింటర్ పైనున్నదంతా గీకి మళ్లీ మొదలెట్టాలి. స్పాయిలర్ ఖరీదు ఒక వంతైతే డిక్కీ డెంటింగ్-పెయింటింగ్ దానికి ఎన్నో వంతులు.

అయితే బోల్ట్ ఎక్కడా వద్దా? కావాలి. కాళ్ల మీద ఎత్తుగా నిలబడే వింగ్‌కి టేప్ చాలదు. అది గాలికి డిక్కీని మీటుతుంది, దానికి లోపలి నుంచి బలం కావాల్సిందే. కంపెనీ యాక్సెసరీగా వచ్చే కొన్ని స్పాయిలర్లకి కూడా బోల్టులుంటాయి. వాటికి బెజ్జం ఎక్కడ పడాలో చూపే టెంప్లేట్ ఉంటుంది, రబ్బరు గ్యాస్కెట్ ఉంటుంది. ఆ పని ఇంట్లో వద్దు. చాలా హ్యాచ్‌బ్యాక్‌ల పైస్పాయిలర్‌కి ముందే చోటు ఉంటుంది, అది వేరే లెక్క.

ఇప్పటికే డ్రిల్ కొట్టేసిన వాళ్లు కంగారు పడకండి. అన్నీ తుప్పు పట్టవు, సమయానికి చూసుకుంటే చాలు. స్పాయిలర్ విప్పి, లోపలి రజను వాక్యూమ్‌తో లాగించండి. బెజ్జం అంచు సన్న ఫైల్‌తో నునుపు చేసి, తుప్పు నిరోధక ప్రైమర్, దాని మీద టచప్ పెయింట్ పెట్టండి. పైన రబ్బరు గ్యాస్కెట్, లోపల వెడల్పు వాషర్. సీలెంట్ కావాలంటే పాలీయురేథేన్‌ది అడగండి, లేదా వెనిగర్ వాసన రాని న్యూట్రల్ సిలికాన్. తర్వాత మొదటి గట్టి వాన పడిన రోజు స్టెప్నీ గుంతలో చెయ్యి పెట్టి చూడండి.

మరి టేప్ ఎందుకు ఊడుతుంది?

ఊడుతుంది, కాదనను. నేను చూసినంతలో తప్పు టేప్‌ది అయ్యేది తక్కువ. పెయింట్‌కీ టేప్‌కీ మధ్య ఏదో ఉంటుంది: వ్యాక్స్, టెఫ్లాన్ కోటింగ్, సిరామిక్ కోటింగ్, పాలిష్ జిడ్డు. మెరిసే కారు శుభ్రంగా ఉందని అనుకుంటారు. ఆ మెరుపే టేప్‌కి శత్రువు. షాంపూతో కడిగి, ఆరాక, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నీళ్లు సగం సగం కలిపి కొత్త గుడ్డతో ఒకే దిక్కుకి తుడవాలి, తడి ఆరకముందే ఇంకో పొడి గుడ్డతో లాగేయాలి. కోఠి గుజరాతీ గల్లీలో, మొబైల్ రిపేర్ సామాన్లు అమ్మే చోట ఆ ఆల్కహాల్ దొరుకుతుంది. థిన్నర్ వాడకండి, పెయింట్ పోతుంది. సిరామిక్ కోటింగ్ ఉంటే ఆల్కహాల్‌కి లొంగదు. టేప్ పడే పట్టీ మేరకు పాలిష్ చేసి కోటింగ్ తీయాల్సిందే.

టేప్ అంటే వీహెచ్‌బీ (చాలా గట్టిగా పట్టే రకం) తరహా యాక్రిలిక్ ఫోమ్ టేప్. స్పాయిలర్‌తో పాటు వచ్చే పల్చటి తెల్ల ఫోమ్ టేప్‌ని నమ్మకండి, పీకి పారేయండి. ముందు టేప్ లేకుండా స్పాయిలర్‌ని డిక్కీ మీద పెట్టి చూడండి. రెండు కొసల దగ్గర సందు టేప్ మందం కంటే ఎక్కువుంటే ఆ ముక్క మీ కారుది కాదు, వాపస్ చేయండి. ఫైబర్‌వి చాలా వంకర వస్తాయి. బలవంతంగా వంచి అంటిస్తే అది రోజంతా తన ఆకారానికి తిరిగి పోవాలని చూస్తుంది. ఈ టేప్ నిలువు లాగుడుని, జారుడుని బాగా ఓర్చుకుంటుంది, కొస నుంచి ఒలుస్తుంటే మాత్రం ఓడిపోతుంది.

కొలత టేప్‌తో రెండు వైపుల నుంచీ కొలిచి, మాస్కింగ్ టేప్‌తో గీత పెట్టుకోండి. కంటి అంచనా వద్దు. పక్కన ఒక మనిషి ఉండాలి. ఒక్కసారి ఆనిందంటే జరపడానికి లేదు. అద్దానికి పెట్టిన బొట్టుబిళ్ల తీసి మళ్లీ నుదుటికి పెట్టుకున్నట్టు ఇది కుదరదు. లేపారంటే ఆ టేప్ పారేసి కొత్తది వేయాలి. ఆనించాక పొడవునా గట్టిగా నొక్కండి. అతికేది నొక్కుడుకే.

వేడి సంగతి. 21 నుంచి 38 డిగ్రీల మధ్య ఈ టేప్ బాగా పట్టుకుంటుంది. మన మే నెల ఎండలో నిలబెట్టిన డిక్కీ రేకు మీద చెయ్యి పెట్టలేం, ఆల్కహాల్ తుడిచేలోపే ఆవిరైపోతుంది. నీడలో చల్లారనివ్వండి. డిసెంబర్ పొద్దుటైతే హెయిర్ డ్రయ్యర్‌తో కాస్త వెచ్చబెట్టండి. పట్టు గది వేడిలో 20 నిమిషాలకు సగం వస్తుంది, 24 గంటలకు ఇంచుమించు 90 శాతం, పూర్తి బలానికి 72 గంటలు. శనివారం సాయంత్రం అంటించి ఆదివారం పొద్దున ప్రెషర్ వాష్‌కి తీసుకెళ్లేవాళ్లే సోమవారం నాకు ఫోన్ చేసి టేప్‌ని తిడతారు. వాన సూచన ఉంటే సెల్లార్లో పెట్టుకోండి, లేదా వాయిదా వేయండి.

డిక్కీకి ఈమధ్యే రీపెయింట్ అయి ఉంటే కనీసం ఒక నెల ఆగండి. పచ్చి పెయింట్ మీద టేప్ బాగానే పట్టుకుంటుంది, పెయింటే రేకుని వదిలేస్తుంది.

రిటైర్డ్ మాస్టారు ఒకాయన, కొడుకు అమెరికా వెళ్తూ పెట్టిపోయిన స్పాయిలర్ అవుటర్ రింగ్ రోడ్డు మీద ఎగిరి వెనక బైకు వాడికి తగులుతుందేమోనని రాత్రుళ్లు నిద్రపోవడం లేదన్నారు. నవ్వొచ్చే భయం కాదది, బాధ్యతున్న మనిషి భయం. ఇలాంటి వాళ్లకి నేను చెప్పేదొక్కటే: పాత విజిటింగ్ కార్డు తీసుకుని రెండు కొసల కిందా పెట్టి చూడండి. దూరకపోతే నిశ్చింతగా ఉండండి. బాగా అతికిన టేప్ ఉన్నపళాన వదలదు. ముందు కొస లేస్తుంది, దుమ్ము పట్టి నల్లగీత కనిపిస్తుంది, వేగంలో ఈల లాంటి చప్పుడొస్తుంది. కార్డు దూరిన రోజు హైవే ఎక్కకండి, అంతే. మాస్టారు గారిది దూరలేదు.

మిగతావి గబగబా చెప్పేస్తా.

మైలేజ్ పెరుగుతుందా? పంజాగుట్ట ట్రాఫిక్‌లో ఏ స్పాయిలర్‌కీ పనే లేదు. గాలి బలం వేగం వర్గంతో పెరుగుతుంది, అంటే 60లో ఉన్నది 120కి నాలుగింతలు. అవుటర్ మీద గరిష్ఠ పరిమితే 120. మనం కొనేది ఆ కారు కోసం గాలి సొరంగంలో పరీక్షించిన ముక్క కూడా కాదు. పైగా మన కార్లలో ఎక్కువ ముందు చక్రాలు లాగేవే, వెనక నొక్కితే పికప్ రాదు. అందానికి పెట్టుకోండి, అందులో సిగ్గేముంది. అలాగని స్పాయిలర్లన్నీ ఉత్త షోకే అనేవాళ్లదీ తప్పే. 1998లో వచ్చిన ఆడి టీటీ, జర్మనీ ఆటోబాన్ వేగాల్లో వెనక తేలికై అదుపు తప్పి ప్రమాదాలు జరిగితే, కంపెనీయే కార్లను వెనక్కి పిలిచి స్పాయిలర్, ఈఎస్‌పీ (కారు జారి అదుపు తప్పకుండా చూసే ఎలక్ట్రానిక్ ఏర్పాటు) బిగించింది. అది ఆ వేగాల సంగతి.

పోలీసులు బండి లాక్కుంటారా? బండికి చేసే మార్పుల మీద 2019 జనవరిలో వచ్చిన సుప్రీంకోర్టు తీర్పు తర్వాత వాట్సాప్‌లో తిరిగిన మెసేజ్‌లు చదివి స్టిక్కర్లు కూడా పీకేసినవాళ్లున్నారు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ మాట్లాడేది, ఆర్సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చినదానికి తేడా వచ్చేలా మార్చడం గురించి. డిక్కీ మీద చిన్న లిప్‌తో ఆర్సీ వివరాలేవీ మారవు. కారు వెడల్పు దాటే వింగ్, పదునైన అంచులు, లైట్లకో నంబర్ ప్లేటుకో అడ్డు, ఇవి మాత్రం వద్దు. అనుమతి లేని మార్పుకి ఒక్కోదానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని 2019 సవరణలో ఉంది. మూడో బ్రేక్ లైట్‌కి అడ్డొస్తే చలానా సంగతి పక్కన పెట్టండి, వెనకవాడు గుద్దుతాడు. రివర్స్ కెమెరా, వెనక వైపర్ నీళ్ల నాజిల్ కూడా చూసుకోండి. లైటున్న స్పాయిలర్ కొంటే వైరు మెలేసి ఇన్సులేషన్ టేప్ చుట్టే పని పెట్టుకోక ఎలక్ట్రీషియన్‌కి ఇవ్వండి.

ఇన్సూరెన్స్‌కి చెప్పాలా? బిల్లు దాచి, రెన్యువల్‌లో యాక్సెసరీగా రాయించండి. రాయించకపోతే గుద్దుకున్న రోజు స్పాయిలర్ డబ్బు అడగడానికి ఉండదు.

బరువు. ఫైబర్ వింగ్ పెట్టాక డిక్కీ పైకి లేచి నిలబడకపోతే స్ప్రింగు రాడ్ మోయలేకపోతోందని అర్థం. సామాన్లు తీసేటప్పుడు నెత్తిన పడుతుంది. ఏబీఎస్ ప్లాస్టిక్‌ది తేలిక, అదే తీసుకోండి.

తీసేయాలనిపిస్తే స్క్రూడ్రైవర్ పెట్టి ఎత్తకండి. హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేసి, చేపల గాలం దారం రెండు చేతులా పట్టుకుని రంపంలా లాగితే టేప్ కోసుకుపోతుంది. మిగిలిన బంకను వేలితో ఉండలు చేస్తూ తీసి ఆల్కహాల్‌తో తుడవండి. చాలాకాలం ఉంటే దాని కింద రంగు చుట్టుపక్కల కంటే కొత్తగా కనిపిస్తుంది. చాలావరకు పాలిష్‌తో కలిసిపోతుంది. చూడకుండానే ప్యానెల్ మొత్తం పెయింట్ అన్నారంటే ఇంకో షాపులో అడగండి.