నల్ల ఆయిల్ కారితే డిఫ్ పోయినట్టేనా? 350జెడ్ సౌండ్లపై అపోహలు - వాస్తవాలు

మొన్న గురువారం రాత్రి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, నా జెడ్ డిఫ్ పోయిందంట. స్క్రాప్‌లో మంచిది ఏదైనా ఉంటే చూసిపెట్టవా?" అన్నాడు. జెడ్ అంటే నిస్సాన్ 350జెడ్ కారు. డిఫ్ అంటే డిఫరెన్షియల్, ఇంజిన్ బలాన్ని వెనక చక్రాలకు పంచే గేర్ల పెట్టె. గొంతులోనే టెన్షన్ తెలుస్తోంది. ఎవరు చెప్పారని అడిగితే, ఏదో గ్యారేజీలో లిఫ్ట్ ఎక్కించి చూపించారట. డిఫ్ చుట్టూ నల్లగా ఆయిల్ కారి ఉందట, క్లచ్ వదిలినప్పుడల్లా వెనక 'ధడ్'మంటోందట. ఇంకేం, డిఫ్ మార్చాల్సిందే అన్నారు. "డబ్బులిచ్చేశావా?" అన్నాను. ఇంకా లేదన్నాడు. "అయితే హాయిగా పడుకో, రేపు బండి తీసుకురా" అన్నాను.

షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో పద్నాలుగేళ్ళుగా ఇదే పని చేస్తున్నాను. నా దగ్గరికి నిస్సాన్ 350జెడ్‌లే ఎక్కువ వస్తాయి. 2002లో వచ్చిన బండి అయినా ఇక్కడి కుర్రాళ్ళకు దాని మీద మోజు తగ్గలేదు. మన జగిత్యాల, నిజామాబాద్ పిల్లలు కూడా జీతం కాస్త పెరగగానే సెకండ్ హ్యాండ్‌లో ఒకటి కొంటున్నారు. కొన్న కొన్నాళ్ళకు వెనక నుంచి సౌండ్ మొదలవుతుంది. రూమ్‌లో ఒకరు ఒకటి చెబుతారు, గ్యారేజీలో ఇంకొకరు ఇంకొకటి చెబుతారు. వాటన్నిటిలో జేబుకు ఎక్కువ చిల్లు పెట్టేది ఈ డిఫ్ మాటే. అందుకే ముందు దాని సంగతి చెబుతాను.

అపోహ: నల్ల ఆయిల్ కారి, 'ధడ్'మని సౌండ్ వస్తే డిఫ్ పోయినట్టే.

వాస్తవం: చాలాసార్లు పోయేది డిఫ్‌ని సబ్‌ఫ్రేమ్‌లో, అంటే బండి అడుగున దాన్ని మోసే చట్రంలో, పట్టి ఉంచే పెద్ద బుష్ (అదురును మింగే మెత్తటి దిమ్మ). ఈ బండిలో ఆ బుష్ ఉత్త రబ్బరు ముక్క కాదు, లోపల ద్రవం నింపి ఉంటుంది. అదురు క్యాబిన్‌లోకి రాకుండా కంపెనీ అలా చేసింది. ఏళ్ళు గడిచి, ఎండకు రబ్బరు చిట్లితే ఆ ద్రవమే నల్లగా కారి డిఫ్ మీదా సబ్‌ఫ్రేమ్ మీదా పేరుకుంటుంది. ద్రవం పోయాక బుష్ డిఫ్‌ని గట్టిగా పట్టుకోలేదు. క్లచ్ వదలగానే డిఫ్ ముక్కు పైకి లేస్తుంది, యాక్సిలరేటర్ మీద కాలు తీయగానే కిందికి దిగుతుంది. మీకు వినిపించే 'ధడ్' అదే. డిఫ్ లోపలి పళ్ళ చక్రాలు, అంటే క్రౌన్, పినియన్, నిక్షేపంగా ఉంటాయి.

తేల్చుకోవడానికి పది నిమిషాలు చాలు. బండి సమంగా లిఫ్ట్ మీద ఉండగా డిఫ్ ఫిల్లర్ ప్లగ్ విప్పమనండి. ఆయిల్ రంధ్రం అంచు దాకా ఉంటే కారింది డిఫ్ ఆయిల్ కాదు. ఆ నలుపును వేలికి అంటించుకుని వాసన చూడండి. గేర్ ఆయిల్‌కు గంధకం ఘాటు ఉంటుంది, ఒక్కసారి పీలిస్తే చాలు, మరిచిపోరు. తర్వాత డిఫ్‌కూ సబ్‌ఫ్రేమ్‌కూ మధ్య రాడ్డు పెట్టి ఎత్తి చూడాలి.

తమ్ముడి బండికి అదే చేశాను. ప్లగ్ విప్పగానే ఆయిల్ సన్నగా బయటికి జారింది, నిండా ఉంది. రాడ్డు పెట్టి ఎత్తితే డిఫ్ కళ్ళ ముందే ఊగింది. బుష్ రబ్బరులో వేలిగోరు దూరేంత చీలిక, దాని అంచు వెంట జిగురుగా నలుపు. ఫోన్ టార్చ్ వేసి చూపిస్తే చాలాసేపు చూశాడు. "అంటే అన్నా, ఇంకో డిఫ్ వేసినా..." అన్నాడు. వేసినా అదీ ఆ చిరిగిన బుష్‌లోనే కూర్చుంటుంది, మొదటి రోజు నుంచే అదే 'ధడ్' వస్తుంది.

దీని మీద నాకింత పట్టుదల ఉండటానికి కారణం ఉంది. కొన్నేళ్ళ కిందట ఒకాయన వేరేచోట రెండు డిఫ్‌లు మార్పించుకుని నా దగ్గరికి వచ్చాడు. రెండోదానికి ఊళ్ళో చెల్లెలి కాలేజీ ఫీజు కోసం దాచిన డబ్బు పెట్టాడు. మొదట తీసేసిన డిఫ్ ఇంకా డిక్కీలోనే ఉంది. కవర్ విప్పి చూశాను. క్రౌన్ పళ్ళ మీద ఒక్క గీత లేదు. ఆ మాట ఆయనకు చెప్పడం నాకు చాలా కష్టమైంది. అప్పటినుంచి బుష్ చూడకుండా ఏ జెడ్‌కూ డిఫ్ దించలేదు.

బుష్ మార్చేటప్పుడు ఇంకో సంగతి కూడా తెలుసుకోండి. కొందరు గట్టిగా ఉంటుందని పాలీయురేథేన్ (గట్టి ప్లాస్టిక్ లాంటిది) బుష్ వేయిస్తారు. 'ధడ్' పోతుంది, వారం తిరక్కుండా "ఇప్పుడు డిఫ్ ఊళ పెడుతోంది" అని మళ్ళీ వస్తారు. లెక్క చూడండి. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో వెనక చక్రం సెకనుకు దాదాపు 13 సార్లు తిరుగుతుంది. మాన్యువల్ బండిలో డిఫ్ రేషియో 3.538, అంటే చక్రం ఒకసారి తిరిగితే గేర్‌బాక్స్ నుంచి డిఫ్‌కు వచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ 3.538 సార్లు తిరుగుతుంది. కాబట్టి సెకనుకు ఆ షాఫ్ట్ 46 సార్లు తిరుగుతుంది. క్రౌన్‌కు 46 పళ్ళు, అంటే సెకనుకు దాదాపు 600 సార్లు పన్ను పన్నును కలుస్తుంది. ఆ సన్నటి 'ఊఁ' మొదటినుంచీ ఉన్నదే, ఇన్నాళ్ళూ మెత్తటి బుష్ దాన్ని మింగేసింది. రోజూ ఆఫీసుకు వెళ్ళే బండికైతే నేను రబ్బరు బుష్షే వేస్తాను.

అపోహ: స్పీడుతో పాటు పెరిగే హోరు అంటే వీల్ బేరింగే.

ముందు టైరు తడిమి చూడండి. తొలి ఏళ్ళ జెడ్‌లలో ముందు టైర్ల లోపలి అంచు రంపంలా అరగడం మామూలే. అరచేతిని ట్రెడ్ మీద ఒకవైపు తోస్తే నున్నగా జారుతుంది, రెండోవైపు లాగితే పళ్ళు గుచ్చుకుంటాయి. రోడ్డు మారినప్పుడు హోరు మారితే టైరు. నిదానంగా ఎడమకూ కుడికీ తిప్పినప్పుడు మారితే బేరింగ్. యాక్సిలరేటర్ తొక్కితే ఒకలా, వదిలితే ఇంకోలా ఉంటే అప్పుడు డిఫ్‌ని అనుమానించండి.

ఇక సెంటర్ బేరింగ్ (రెండు ముక్కల షాఫ్ట్‌కు మధ్యలో ఆసరా ఇచ్చేది) పోయిందని ఎవరైనా అంటే ఆ బండి అక్కడి నుంచి తెచ్చేసుకోండి. ఈ బండి ప్రొపెల్లర్ షాఫ్ట్ కార్బన్ ఫైబర్‌తో చేసిన ఒకే ముక్క. దానికి సెంటర్ బేరింగే లేదు.

న్యూట్రల్‌లో గలగలమంటూ, క్లచ్ తొక్కగానే ఆగిపోయే సౌండ్‌కు రిలీజ్ బేరింగ్ (పెడల్ తొక్కినప్పుడు క్లచ్‌ని విడదీసేది) మారుస్తున్నారు. రిలీజ్ బేరింగ్ చెడితే తొక్కినప్పుడు అరుస్తుంది. పాత ఓనర్ తేలికపాటి సింగిల్ మాస్ ఫ్లైవీల్ (ఇంజిన్ వెనక తిరిగే ఒకే ముక్క చక్రం) వేయించి ఉంటే ఆ గలగల గేర్లదే, దానివల్ల నష్టం లేదు. అలాంటి ఫ్లైవీల్ లేకపోతే మాత్రం గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్ చూపించండి.

రివర్స్ నుంచి ఫస్ట్‌కు మార్చి కదిలినప్పుడు ఒక్కసారి 'టిక్'మంటే యాక్సిల్ మార్చేయొద్దు. హబ్ (చక్రాన్ని పట్టి ఉంచే భాగం) నట్ విప్పి, యాక్సిల్ హబ్‌కు ఆనుకునే చోట తుడిచి, మోలీ గ్రీజు రాసి, కొత్త నట్‌ను సరైన టార్క్‌కు బిగిస్తే చాలాసార్లు పోతుంది. చిక్కటి ఆయిల్ పోస్తే సౌండ్ తగ్గుతుందనే మాట నమ్మకండి. ముఖ్యంగా జీఎల్-4 రకం ఆయిల్ అడిగే ఈ గేర్‌బాక్స్‌లో జీఎల్-5 రకం పోయించకండి, గేర్లు సాఫీగా పడేలా చేసే సింక్రోలు దెబ్బతింటాయి.

నా దగ్గరికైనా, ఇంకెక్కడికైనా వెళ్ళేముందు నాలుగు విషయాలు రాసుకోండి: ఎంత స్పీడులో వస్తోంది, ఏ గేర్‌లో, కాలు యాక్సిలరేటర్ మీద ఉన్నప్పుడా తీసినప్పుడా, బండి చల్లగా ఉన్నప్పుడా వేడెక్కాకా. ఖాళీ రోడ్డు మీద ఇంజిన్ ఆన్‌లోనే ఉంచి న్యూట్రల్ చేసి చూడండి. సౌండ్ అలాగే ఉంటే ఇంజిన్, క్లచ్ చాలావరకు లెక్కలోంచి పోయినట్టే. ఇంజిన్ మాత్రం ఆపకండి, బ్రేకు, స్టీరింగ్ బిగుసుకుపోతాయి.

బండి నడపడం ఆపాల్సిన సౌండ్లూ ఉన్నాయి. వారం వారం పెరిగే హోరు, సీటులోకి తెలిసే వణుకు, మలుపులో 'కరకర', మార్చిన ఆయిల్‌లో చేతికి తగిలే ఇనుప ముక్కలు. వీటిలో ఏది ఉన్నా రికవరీ బండి మీద పంపండి. మిగతా సౌండ్లకు ఒకటి రెండు రోజులు ఆగి, ప్లగ్ విప్పించి చూశాకే డబ్బు తీయండి.